ఎనిమిది ముడులు, పదహారు కోతలు

కొత్తగూడ అడవి అంచున ఉన్న ఆ తండాలో రుక్కి ఇల్లు ఎక్కడని అడిగితే పిల్లలు కూడా "లెక్కల రుక్కేనా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆమె బడి గడప తొక్కలేదు. అంకె రాయడం రాదు, చదవడం రాదు. కానీ నడుముకు ఎప్పుడూ ఒక నారతాడు చుట్టుకుని ఉంటుంది. లెక్కంతా ఆ తాట్లోనే ఉంటుంది. వంద తునికాకు కట్టలకు ఒక ముడి, అప్పిచ్చిన సోలెడు జొన్నలకు ఒక ముడి. పని తీరగానే ముడి విప్పేస్తుంది. విప్పని ముడి ఉన్నంతవరకు అవతలివాడికి నిద్ర ఉండదు.

పదహారేళ్ళకు బాల్‌సింగ్‌ను చేసుకుని ఈ తండాకు వచ్చింది. ఆ వేసవే, బీడీలు చుట్టే తునికాకును కట్టల లెక్కన కొనే కల్లం దగ్గర గుమాస్తాతో తగవు పెట్టుకుంది. ఆకు ఎండితే తరుగు పోతుందని చెప్పి, నూటికి అయిదు కట్టలు ఊరికే పక్కకు వేసుకోవడం అతని అలవాటు. ఏళ్ళ తరబడి ఎవరూ నోరెత్తలేదు. కొత్త కోడలు మాత్రం కొంగు బిగించి నిలబడి, "ఎండితే ఆకు బరువు తగ్గుతది. కట్ట ఎట్ల తగ్గుతది?" అని అడిగింది. ఆ రోజు ఆమె వరుసలో తరుగు తీయలేదు, మిగతా వరుసల్లో తీశాడు. మర్నాటి నుంచి తండా ఆడవాళ్ళంతా రుక్కి వెనకే వరుస కట్టారు.

ఆ తర్వాత ఆమె అనుమానించని మనిషి మిగల్లేదు. విత్తనాల దుకాణంలో తక్కెడ కింద చెయ్యి పెట్టి చూసేది. ఆడవాళ్ళకు బస్సు ఊరికే అన్నాక, కండక్టరిచ్చే సున్నా టికెట్లను కూడా పారేయకుండా డబ్బాలో దాచేది, రేపెవడైనా వచ్చి అడిగితే చూపించడానికట. బాల్‌సింగ్ పోయిన రోజున, ఏడుస్తూనే, ఎన్ని కట్టెల మోపులు వచ్చాయో లెక్కపెట్టిందని ఆడవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నిజమే, లెక్కపెట్టింది. రెండు మోపులు తక్కువ వచ్చాయి కూడా.

అలాంటి మనిషికి బ్యాంకు ఖాతా ఉండటమే ఒక విచిత్రం. ఎప్పుడో శిబిరం పెట్టి తండా మొత్తానికి, పైసా లేకున్నా నడిచే సున్నా ఖాతాలు తెరిచారు. ఆమె ఖాతాలో పైసలు పడ్డ రోజే మొత్తం ఊడ్చి తీసేది. "కండ్లకు కనవడని పైసలు నాయి ఎట్లయితయి?" అనేది. తీసిచ్చేవాడు ప్రేమ్‌సింగ్. ఆమె బావగారి కొడుకు. మానుకోటలో డిగ్రీ సగంలో ఆపి, బ్యాంకు తరఫున వేలిముద్ర మిషను సంచిలో వేసుకుని తండాకు తిరిగొచ్చాడు. తండాలో అమ్మను యాడీ అంటారు. కన్నతల్లి చిన్నప్పుడే పోవడంతో ప్రేమ్‌సింగ్ రుక్కినే యాడీ అని పిలుస్తూ పెరిగాడు. అయినా ఆమె ప్రతిసారీ మిషను తనవైపు తిప్పించుకుని, అంకెలు రెండుసార్లు చదివించుకునేది. అతను ఒక్కనాడూ విసుక్కోలేదు. చాలామంది కొడుకులకు లేని ఓపిక అతనికి ఉంది.

నిరుటి దసరాకు రుక్కి మానుకోటలో కుట్టుమిషను కొన్నది. కొడుకు కృష్ణ లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. కోడలు జమునకు జాకెట్లు కుట్టడంలో మంచి పేరుంది కానీ, ఉన్న పాత మిషను నెలకు పదిరోజులు మొరాయించేది. భద్రయ్య దుకాణంలో మోటారు మిషను పద్నాలుగువేల నాలుగువందలు. నెలకు పన్నెండువందల చొప్పున ఏడాది కట్టాలి. దుకాణంలో ఫైనాన్సు కంపెనీ మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. రుక్కి ఫోటో తీశాడు, ఖాతా నంబరు రాసుకున్నాడు, ఒక కాగితం మీద వేలిముద్ర వేయించాడు.

"ప్రతి నెల మూడో తారీఖు నీ ఖాతాలకెల్లి అదే కట్ అయితది, అవ్వా."

"నా పైసలు అదే ఎట్ల కట్ అయితయి? నేనే తెచ్చి చేతికిస్త. కార్డు మీద రాసియ్యి."

బేరం చెడిపోతుందని భద్రయ్యకు భయం పట్టుకుంది. "సరే తియ్యి అవ్వా, నాకే ఇయ్యి. నేను కడ్త," అని సర్దిచెప్పాడు. కానీ వేలిముద్ర పడ్డ కాగితం అప్పటికే ఆ మనిషి సంచిలోకి వెళ్ళిపోయింది. దాన్ని వెనక్కి తీసుకోవాలని భద్రయ్యకు తోచలేదు, రుక్కికి తెలియదు. ఆనాటి నుంచి ప్రతి నెలా పన్నెండో తారీఖు దాటకుండా ఆమె మానుకోట వెళ్ళి, పన్నెండువందలు చేతికిచ్చి, కార్డు మీద సంతకం చేయించుకుని, దుకాణం మెట్ల మీదే కూర్చుని తాడుకు ఒక ముడి వేసేది. ఒక్క నెల తప్పలేదు. ఇందులో ఆమె చేసిన నేరమేమిటో ఎవరైనా చెప్తే వినాలని ఉంది.

ఈ వేసవిలో తునికాకు బోనస్ వచ్చింది. అటవీ ఆఫీసు గోడకు అంటించిన జాబితాలో రుక్కి పేరుకు ఎదురుగా నాలుగువేల నూట అరవై ఎనిమిది అని ఉందని నలుగురు చదివి చెప్పారు. నలుగురితో ఎందుకు చదివించుకుందో వేరే చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ప్రేమ్‌సింగ్ మిషను మీద బొటనవేలు పెట్టింది. ముద్ర పడలేదన్నాడు. రెండోసారి పెట్టింది. మిషనువైపు చూసిన ప్రేమ్‌సింగ్ ముఖం మారిపోయింది.

"యాడీ, ముప్పై ఎనిమిది రూపాయలే ఉన్నయి."

"పడలేదా?"

"పడ్డయి. పడి పోయినయి. ఏదో చార్జి అని చూపిస్తుంది, ఎందుకో నాకు తెల్వది. బ్యాంకుకు పోయి అడుగుదాం, నడువు."

రుక్కి కదల్లేదు. మొదటిసారి ముద్ర పడలేదని అన్నాడు. రెండోసారి పెట్టించాడు. పడ్డవి పోయాయంటున్నాడు. నలభై ఏళ్ళ కిందట కల్లం గుమాస్తా ముఖం ఎలా ఉండేదో ఆమెకు జ్ఞాపకం వచ్చింది. ఎదురుగా ఉన్నది తను అన్నం తినిపించిన పిల్లవాడి ముఖమే. అయినా రెండూ ఒకటిగానే కనిపించాయి.

"బ్యాంకు నీకు పైసలిస్తది. అది నీ దిక్కే చెప్తది," అన్నది. సాయంత్రానికి పంచాయితీ తండా పెద్ద దేవ్‌సింగ్ నాయక్ ఇంటి ముందుకు చేరింది.

దేవ్‌సింగ్ చెడ్డవాడు కాదు. తగవు పెరగకూడదనేదే అతని న్యాయం. ప్రేమ్‌సింగ్ తన మిషనులోని వరుసలు అందరికీ చూపించాడు. చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు, పక్కన అంకెలు. చార్జీ అని చెప్పగానే జనం గొల్లున నవ్వారు. నాలుగువేల చార్జీ ఎక్కడైనా ఉంటుందా? తండాలో మిగతావాళ్ళ బోనస్ చక్కగా వచ్చింది కదా, ఈమెదే ఎందుకు పోయింది?

"యాడీ, నువ్వు నన్ను దొంగ అంటున్నవా?"

"నా వేలు నీ మిషన్ల తప్ప ఇంకేడ పెట్టలే. నువ్వు తియ్యకుంటే ఎవలు తీసిన్రో నువ్వే చెప్పు."

మాటను ఇంకా సాగనివ్వడం ఇష్టం లేక, పోయిన నాలుగువేల నూట ముప్పై ప్రేమ్‌సింగ్ ఇవ్వాలని దేవ్‌సింగ్ తేల్చేశాడు. ప్రేమ్‌సింగ్ వాదించలేదు. రెండు మేకలు అమ్మి, వారం తిరక్కుండా, అదే చోట, అందరి ముందూ నోట్లు లెక్కపెట్టి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె మళ్ళీ లెక్కపెట్టుకుంది. ఆ తర్వాత దొంగ మిషను మీద వేలు పెట్టడానికి తండాలో ఎవరూ రాలేదు. నెల చివర అతను సంచి సర్దుకుని భూపాలపల్లి వెళ్ళిపోయాడు, బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు పనికి. పింఛను ముసలివాళ్ళు ఇప్పుడు పోను రాను అరవై రూపాయలు ఆటోకు పెట్టి మండలానికి వెళ్తున్నారు.

రుక్కి అక్కడితో ఆగలేదు. వేలిముద్ర ఒకసారి ఎవరి చేతికో చిక్కిందంటే మళ్ళీ వాడరని నమ్మకమేమిటి? ఇంట్లో సీసాలో నల్లజీడి గింజలున్నాయి. కాల్లో ముల్లు విరిగితే వాటి నూనె వేడిచేసి అంటిస్తారు. చర్మానికి తగిలితే బొబ్బలెక్కి ఊడిపోతుంది. జమున అరుస్తుండగానే రుక్కి ఆ నూనె కుడి బొటనవేలికి పూసుకుంది. మూడు రోజులు చెయ్యి పైకెత్తుకుని తిరిగింది. వేలి మీద గీతలన్నీ పోయి, నున్నటి ఎర్ర చర్మం మిగిలింది. అప్పుడుగానీ ఆమె మనసు కుదుటపడలేదు.

రేషన్ దుకాణంలో ఐలయ్య మిషను ఆ వేలిని ఒప్పుకోలేదు. "ఇంకో వేలు పెట్టవ్వా, పదింటిల ఏదైనా నడుస్తది," అన్నాడు ఐలయ్య. "ఒక్కటి దొంగలకు ఇచ్చిన. ఇంక తొమ్మిది నీకియ్యాల్నా?" అని ఖాళీ సంచి దులుపుకుని వచ్చేసింది. ఆ నెల బియ్యం జమున జాకెట్లు కుట్టిన పైసలతో కొన్నది. కోడలు ఒక్క మాట అనలేదు. అనకుండా పెట్టే అన్నం తినడం ఎంత కష్టమో రుక్కికి అప్పుడే తెలిసింది.

ఇక ఆమె దొంగకు ఉచ్చు పెట్టింది. ప్రేమ్‌సింగ్ ఇచ్చిన పైసలు ఆమె ఖర్చు పెట్టలేదు, పాత లంగా గుడ్డలో కట్టి పెట్టెలో దాచింది. అందులోంచి ఆరువందలు తీసి, జూన్ ఒకటో తారీఖున ఒక్కతే బ్యాంకుకు వెళ్ళి ఖాతాలో వేసింది. పాస్‌బుక్కులో అచ్చు వేయమంటే ప్రింటరు చెడిపోయిందన్నారు. నిరుడూ అదే మాట అన్నారు. రసీదు మాత్రం తీసుకుంది. ఖాతాలో పాతవి ముప్పై ఎనిమిది, కొత్తవి ఆరువందలు. ఈ సంగతి జమునకు కూడా చెప్పలేదు. ప్రేమ్‌సింగ్ తప్ప ఇంకో దొంగ ఉంటే దొరుకుతాడు. పైసలు అలాగే ఉంటే ప్రేమ్‌సింగే దొంగ. ఆమె లెక్క అది. చెప్పాలంటే, పైసలు అలాగే ఉండాలనే ఆమె కోరుకుంది.

ఎనిమిదో కిస్తు భద్రయ్యకు కట్టి, ముడి వేసి, రెండు రోజుల తర్వాత మళ్ళీ బ్యాంకుకు వెళ్ళింది. నగదు కౌంటర్లో మనిషి చూసి, "నలభై ఎనిమిది," అన్నాడు.

రుక్కికి కోపం రాలేదు. అక్కడున్న బల్ల మీద కూలబడింది. ప్రేమ్‌సింగ్ భూపాలపల్లిలో ఉన్నాడు. వేలు కాలిపోయి ఉంది. ఎవరికీ చెప్పలేదు. అయినా అయిదువందల తొంభై పోయాయి. అంటే రెండు మేకలమ్మి అతను కట్టింది ఎవరు తిన్న సొమ్ముకు? ఒళ్ళో నోట్లు పెట్టేటప్పుడు అతను తన ముఖంలోకి చూడలేదు. తనేమో చూసింది, కానీ నోట్లను.

పక్క కౌంటర్లో స్వరూప అనే అమ్మాయి ఉంది. లింగాల ఘనపూర్ రైతుల ఇంటిపిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. ముసలామె కూలబడటం చూసి నీళ్ళు తెచ్చిచ్చింది. "ఏమయిందవ్వా?" అని అడిగి, పాస్‌బుక్కు తీసుకుని, వేరే గదిలో పనిచేసే ప్రింటరు మీద లెక్కంతా అచ్చు తీసింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"అవ్వా, నువ్వేమన్న కిస్తుల మీద కొన్నవా?"

రుక్కి కార్డు తీసి ముందు పెట్టింది. తాడు విప్పి దాని పక్కన పెట్టింది. "ఎనిమిది నెలలు. ఎనిమిది ముడులు. ఒక్కటి తప్పలే."

స్వరూప ముడులు లెక్కపెట్టింది. తర్వాత కాగితం మీద పెన్సిలుతో గుర్తులు పెడుతూ వచ్చింది. దుకాణంలో వేలిముద్ర వేయించుకున్న కాగితం ఆధారంగా, ప్రతి నెలా మూడో తారీఖున ఫైనాన్సు కంపెనీ మిషను రుక్కి ఖాతాను పన్నెండువందలు అడిగింది. ఖాతా ఖాళీ. లేదని చెప్పినందుకు బ్యాంకు రెండువందల తొంభై అయిదు రాసుకుంది. ఎనిమిదో తారీఖున మళ్ళీ అడిగింది. మళ్ళీ లేదంది. మళ్ళీ రెండువందల తొంభై అయిదు. ఖాతాలో పైసలు లేవు కనుక బాకీగా రాసి ఉంచారు. బోనస్ పడ్డ గంటలోనే ఏడు నెలల బాకీ ఒక్కసారిగా లాగేసుకున్నారు. ఒక్కో ముడికి రెండు కోతలు. ఎనిమిది ముడులు, పదహారు కోతలు.

పైసలు ఎవరూ తినకుండా రోజుకు రోజే ఊడ్చి తీసింది కదా ఆమె. ఊడ్చినందుకే, ఖాతా ఖాళీగా ఉన్నందుకే తిన్నారు. రుక్కికి ఇది అర్థం కావడానికి స్వరూప మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక ఆమె లేచి నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళింది. ఆయన కోస్తావైపు మనిషి, మాట మెత్తన.

"అమ్మా, మీ డబ్బులు ఎవరూ తీయలేదండీ. అవి చార్జీలు. ఖాతాలో డబ్బు లేకపోతే పడతాయి."

"లేనోళ్ళ దగ్గర లేదని తీస్కుంటరా సారూ?"

"అది రూలమ్మా. మేం చేసేది కాదు. సిస్టమే చేస్తుంది."

"మిషను తినదు సారూ. మిషను ఎవలకో పెడ్తది. తిన్నది ఎవలో చెప్పు." రుక్కి తాడు బల్ల మీద పెట్టింది. "నా తలుపు కొట్టిన్రు. లేవన్న. పోవాలె గద? మళ్ళ అయిదు రోజులకు కొట్టిన్రు. మళ్ళ లేవన్న. తలుపు కొట్టినందుకు కూలి నన్నే అడుగుడు ఏడి న్యాయం? ఒక్క మాట చెప్పిన్రా నాకు? నా ఫోన్ల మెసేజులు వచ్చినయా అంటే, వచ్చినయేమో. నాకు చదువు రాదని ఖాతా తెరిచిననాడు మీరే రాసుకున్నరు. వేలిముద్ర గందుకే తీసుకున్నరు గద?"

మేనేజరు ఆమెకేసి అనుమానంగా చూశాడు. ఇంత సూటిగా అడిగే ముసలమ్మను ఆయన నమ్మలేకపోయాడు. "నిన్నెవరు పంపారమ్మా? సంఘం వాళ్ళా? పేపరు వాళ్ళా?"

జీవితమంతా లోకాన్ని అనుమానించిన రుక్కి తనను ఒకరు అనుమానిస్తే ఎలా ఉంటుందో చూడటం బహుశా అదే మొదటిసారి. "నన్నెవలు పంపలే. నా కొడుకుని నేనే పంపిన, తండాలకెల్లి," అన్నది. ఆ వెంటనే అసలు అడగాల్సింది అడిగింది.

"పైసల సంగతి తర్వాత. ముందు నాకు కాయితం కావాలె. మా ప్రేమ్‌సింగ్ తియ్యలే, మేమే తీసినమని రాసి ముద్ర గుద్దియ్యి."

అలాంటి కాగితాలు బ్యాంకు ఇవ్వదన్నాడు మేనేజరు. అది తీసుకుని రేపు ఎవరి దగ్గరికి వెళ్తుందోనని ఆయన భయం. రుక్కి బయటికి వచ్చి ఆయన గది తలుపుకు ఎదురుగా కూర్చుంది. అరవలేదు, తిట్టలేదు. అన్నానికి వెళ్తూ చూశాడు, అక్కడే ఉంది. తిరిగొస్తూ చూశాడు, అక్కడే ఉంది. జనం అడిగినప్పుడల్లా తాడు చూపించి మొత్తం కథ మొదటినుంచి చెప్తోంది. అడిగేవాళ్ళు పెరుగుతున్నారు. కొందరు అక్కడే తమ పాస్‌బుక్కులు తీసి స్వరూపకు ఇస్తున్నారు.

మూడు గంటలకు మేనేజరు స్వరూపను పిలిచాడు. లోపల ఏం మాట్లాడుకున్నారోగానీ, ఆమె అచ్చు తీసిన కాగితం మీద పదహారు వరుసల పక్కనా తెలుగులో 'బ్యాంకు చార్జీ' అని రాసి, కింద ఒక వాక్యం చేర్చింది. 'పై పదహారు కోతలు బ్యాంకు వేసిన చార్జీలు, వేలిముద్రతో తీసినవి కావు.' ఉన్న నిజమే కనుక మేనేజరు సంతకం పెట్టాడు, ముద్ర వేశాడు. కిస్తు కాగితాన్ని స్వరూప అక్కడికక్కడే రద్దు చేయించింది. పై ఆఫీసుకు ఫిర్యాదు కూడా తనే రాసి వేలిముద్ర వేయమంది. రుక్కి ఎడమ బొటనవేలు వేసింది. నెల తిరక్కముందే, రెండోసారి తలుపు కొట్టిన ఎనిమిది కోతల సొమ్ము, రెండువేల మూడువందల అరవై, ఖాతాలో తిరిగి పడింది. మొదటి ఎనిమిదీ రూలు ప్రకారమే ఉన్నాయన్నారు. సగం తప్పు ఒప్పుకుంటే సగం న్యాయమన్నమాట.

మరుసటి ఆదివారం రుక్కి నర్సంపేటలో ఒక బస్సు, ములుగులో ఒక బస్సు మారి భూపాలపల్లి వెళ్ళింది. పెట్టెలోని మూడువేల అయిదువందల ముప్పై కొంగున కట్టుకుంది. ప్రేమ్‌సింగ్ ముగ్గురితో కలిసి రేకుల గదిలో ఉంటున్నాడు. బొగ్గు దుమ్ము గోళ్ళలోంచి పోలేదు. ఆమెను చూసి లేచాడు, నీళ్ళిచ్చాడు. యాడీ అని మాత్రం పిలవలేదు. ఆమె కాగితం అతని చేతిలో పెట్టింది. అతను చివరిదాకా చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"నేను ఆనాడే చెప్పిన, చార్జి అని."

"చెప్పినవ్ బిడ్డా. నేనే ఇనలే." కొంగు ముడి విప్పబోయింది. "గివి నీ పైసలు. ఆరువందలు ఖాతాల ఉన్నయి."

అతను ఆమె చెయ్యి ఆపాడు. "ఈడ నన్నెవలూ దొంగ అనలే. గివి ఈడ తీస్కుని నేనేం చేసుకుంట? ఎవలి ముంగట తీసుకున్నవో వాళ్ళ ముంగట ఇయ్యి."

"నువ్వు రావాలె మరి."

"వచ్చే ఆదివారం వస్త. మళ్ళ ఈడికే తిరిగొస్త. నీ కోసం కాదు, మా బాపు పేరు కోసం."

ఆ మాట ఆమెకు తగలాల్సిన చోటే తగిలింది. తిరుగు బస్సులో కండక్టరిచ్చిన సున్నా టికెట్టును అంతసేపూ చేతిలో నలుపుతూ కూర్చుంది.

ఆదివారం పొద్దున దేవ్‌సింగ్ ఇంటి ముందు పంచాయితీ నాటికంటే ఎక్కువమంది చేరారు. జమున కాగితాన్ని గట్టిగా చదివింది, పదహారు వరుసలూ, తారీఖులతో సహా. ఎవరూ నవ్వలేదు. రుక్కి మధ్యలో నిలబడి, "దొంగతనం చేసింది బ్యాంకు. దొంగ అన్నది నేను. ప్రేమ్‌సింగ్‌ది తప్పులేదు," అన్నది. దేవ్‌సింగ్ తల దించుకుని, తీర్పులో తనదీ తప్పేనని గొణిగాడు. రుక్కి మూడువేల అయిదువందల ముప్పై ప్రేమ్‌సింగ్ ఒళ్ళో పెట్టింది.

"ఇంక ఆరువందలు. మిషను తియ్యి."

ప్రేమ్‌సింగ్ సంచిలోంచి మిషను తీశాడు. బ్యాంకుకు ఇంకా తిరిగి ఇవ్వలేదు. రుక్కి కుడి బొటనవేలు పెట్టింది. మిషను ఒప్పుకోలేదు. నున్నటి ఆ చర్మం మీద గీత అనేది మిగిలితే కదా. మళ్ళీ పెట్టింది. ఒప్పుకోలేదు. జనం చూస్తున్నారు. రెండోసారి పెట్టించాడని అనుమానించి తను నింద వేసింది ఈ మిషను మీదే, ఈ చోటే.

ఆమె రెండు చేతులూ చాచి, పది వేళ్ళూ అతని ముందు పరిచింది. "ఏదన్న పెట్టుకో బిడ్డా. ఎన్నిసార్లన్న పెట్టుకో. నేను సూడ." అని ముఖం పక్కకు తిప్పుకుంది. నలభై ఏళ్ళుగా తక్కెడ మీది నుంచి, ఆకు కట్టల మీది నుంచి, నోట్ల మీది నుంచి చూపు తిప్పని మనిషి అలా తల తిప్పి నిలబడితే, తండా ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

ప్రేమ్‌సింగ్ ఆమె ఎడమ చూపుడు వేలు పట్టుకుని మిషను మీద ఉంచాడు. అది మోగింది. అతను డబ్బు తీయలేదు. వేలు వదలకుండానే మిషనును ఆమెవైపు తిప్పాడు.

"ఇటు సూడు యాడీ. సూడకుంటెనే గద వాళ్ళు తిన్నది. రెండువేల నాలుగువందల ఎనిమిది ఉన్నయి. ఆరువందలు తీస్తున్న. మళ్ళ చదువుత, ఇను."

యాడీ అన్న పిలుపు విని ఆమెకు ఏడుపు ఆగలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, మిషను మీదికి వంగి, "ఇంకోసారి చదువు," అన్నది.